ఇథియోపియా పెద్దల చదువులో ఆడ-మగ తేడా: రెండు ఉచిత అంచనా సైట్లు, వాటిని వాడే పద్ధతి

2043లోనో 2050లోనో ఇథియోపియాలో పాతికేళ్లు దాటిన ఆడవాళ్లు సగటున ఎన్నేళ్లు చదివి ఉంటారు? మగవాళ్లతో పోలిస్తే ఎంత వెనక ఉంటారు? దీనికి డబ్బు కట్టకుండా జవాబిచ్చే సైట్లలో ముఖ్యమైనవి రెండు. ఒకటి వియన్నాలోని విట్గెన్‌స్టైన్ సెంటర్ నడిపే హ్యూమన్ క్యాపిటల్ డేటా ఎక్స్‌ప్లోరర్. రెండోది ప్రిటోరియాలోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ సెక్యూరిటీ స్టడీస్ నడిపే ఆఫ్రికన్ ఫ్యూచర్స్ సైటు. దీని వెనక పనిచేసే లెక్క డెన్వర్ యూనివర్సిటీలో తయారైన ఇంటర్నేషనల్ ఫ్యూచర్స్ మోడల్‌ది. ముందే తీర్పు చెప్పాలంటే, తేడా ఎక్కడుందో చూడటానికి వియన్నా సైటు మేలు. ఏం చేస్తే ఆ తేడా ఎంత తగ్గుతుందో అడగటానికి డెన్వర్ మోడల్ మేలు. రెండింట్లో దేన్నైనా సరే, మొదటి పేజీలో కనిపించే ఒక్క అంకె పట్టుకుని వాడితే తప్పులో పడతారు.

వియన్నా సైటుతో మొదలుపెడదాం. ఖాతా తెరవక్కర్లేదు, పాస్‌వర్డ్ లేదు. సూచిక, దేశం, సంవత్సరాలు, సినారియో (భవిష్యత్తు ఏ దారిలో పోతుందన్న ఊహ) ఎంచుకుంటే పట్టిక వస్తుంది, దాన్ని సీఎస్‌వీ ఫైలుగా దించుకోవచ్చు. అదే సైట్లో గ్రాఫిక్ ఎక్స్‌ప్లోరర్ అని ఇంకో భాగం ఉంది. అందులో వయసు పిరమిడ్‌ను చదువు స్థాయిని బట్టి రంగులేసి చూపిస్తారు. ఇథియోపియా పిరమిడ్‌ను 2000, 2020, 2040 సంవత్సరాలకు వరసగా తెరిస్తే, బడి మొహం చూడనివాళ్ల రంగు కింది నుంచి పైకి ఎలా జరుగుతుందో కంటికే తెలిసిపోతుంది. ఆడవాళ్ల వైపు ఆ రంగు మందంగా, ఇంకా పైదాకా ఉంటుంది. విషయం కొత్తగా తెలుసుకునేవాళ్లకు పట్టిక కన్నా ముందు ఇది చూపించాలి.

లెక్క జరిగే తీరు తెలిస్తే సగం పొరపాట్లు తప్పుతాయి. జనాభాను వయసు, ఆడ-మగ, చదువు స్థాయి అన్న మూడు కోణాల్లో గళ్లుగా విడదీస్తారు. ఒక్కో గడిలో ఉన్నవాళ్లను ఐదేసి ఏళ్లు ముందుకు జరుపుతారు. చనిపోయేవాళ్లను, వలసపోయేవాళ్లను తీసేస్తారు, తల్లుల చదువును బట్టి పుట్టే పిల్లల్ని కలుపుతారు. చదువు మాత్రం ఒకసారి వస్తే పోదు, ఒక వయసు దాటాక పెరగదు. 2025లో 30 ఏళ్ల ఆడమనిషి ఏ గడిలో ఉందో, 2055లో 60 ఏళ్లు వచ్చినా అదే గడిలో ఉంటుంది. అంచనాకు బలమూ ఇదే, బలహీనతా ఇదే.

బలం ఎంతో చిన్న లెక్కతో చూడొచ్చు. 2043లో 43 ఏళ్లు, ఆపైన ఉండేవాళ్లందరికీ 2025 నాటికే పాతికేళ్లు నిండాయి. వాళ్ల చదువు తేలిపోయింది. కాబట్టి 2043 నాటి ‘25 ఏళ్లు పైబడినవాళ్ల సగటు’లో పెద్ద వాటా జోస్యం కాదు, ఇప్పటికే జరిగిపోయిన దాన్ని ముందుకు జరపడం. ఈ వారం బడుల్లో ఎంత గొప్ప సంస్కరణ వచ్చినా ఆ వాటాను కదిలించలేదు. మిగిలిన వాటాలోనే, అంటే 2000 తర్వాత పుట్టినవాళ్లలోనే, సినారియోల మధ్య తేడా తెలుస్తుంది.

ఇక వాడే పద్ధతి. ఆడ-మగ తేడా అని తయారుగా ఉన్న సూచిక ఒకటి సైట్లో కనిపిస్తుంది. దాని జోలికి మొదటే వెళ్లకండి. వయసు, ఆడ-మగ వారీగా సగటు బడి ఏళ్లు ఇచ్చే సూచికను ఎంచుకోండి. వయసుల్లో 20–24, 25–29, 40–44, 60–64, వీటితోపాటు 25 పైబడిన మొత్తం తీసుకోండి. సంవత్సరాలు 2000 నుంచి 2060 దాకా చాలు. సైటు 2100 దాకా చూపిస్తుంది కానీ, అంత దూరంలో ఉన్నది లెక్క కన్నా ఊహే ఎక్కువ. సైట్లో సినారియోలకు ఎస్‌ఎస్‌పీ అన్న పేరుతో నంబర్లుంటాయి. వాటిలో ముందు మధ్యస్థమైన ఎస్‌ఎస్‌పీ2, తర్వాత వేగంగా ముందుకుపోయే ఎస్‌ఎస్‌పీ1, ఆగిపోయిన అభివృద్ధిని చూపే ఎస్‌ఎస్‌పీ3 తీసుకోండి. ఫైలు దించుకుని మగవాళ్ల అంకెలోంచి ఆడవాళ్ల అంకెను మీరే తీసివేయండి. రెండు నిమిషాల పని, కానీ ప్లస్-మైనస్ గుర్తు దగ్గర గందరగోళం ఉండదు. తయారు సూచికే కావాలంటే, దాని గుర్తు ఎటువైపు తిరిగిందో తేల్చుకోవడానికి ముందు లెసోతో తెరిచి చూడండి. మగపిల్లల్ని పశువుల వెంట పంపే ఆ దేశంలో చదువులో ఆడవాళ్లే ముందున్నారు. అక్కడ ఏ గుర్తు వస్తే అది ‘ఆడవాళ్లు ముందు’ అని అర్థం.

15 ఏళ్లు పైబడిన సగటు, 25 ఏళ్లు పైబడిన సగటు రెండూ దొరుకుతాయి. ఇథియోపియాకు రెండోదే వాడాలి. అక్కడ బడిలో చేరే అధికారిక వయసు 7. చాలామంది ఆలస్యంగా చేరతారు, మధ్యలో మాని మళ్లీ వస్తారు. 17, 18 ఏళ్లవాళ్లు ఇంకా 8వ తరగతిలో ఉండటం వింతేమీ కాదు. వాళ్లను ‘పెద్దవాళ్లు’ కింద లెక్కేస్తే చదువు ముగియకముందే కొలిచినట్టు. అందువల్ల రేపటి గాలి ఎటు వీస్తుందో చూడాలంటే 25–29 గుంపు మంచి ముందస్తు సూచన. 20–24 ఇంకా ముందే చెబుతుంది గానీ కాస్త కలగాపులగంగా చెబుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. సగటు ఏళ్ల తేడా ఒక్కటే చూస్తే మోసపోయే సందర్భాలు మూడున్నాయి. ముసలివాళ్లలో తేడా చిన్నదిగా కనిపిస్తే సమానత అనుకోకూడదు. ఇద్దరూ బడికి వెళ్లకపోతే తేడా సున్నాయే కదా. చాలా దేశాల్లో బడులు కొత్తగా వచ్చినప్పుడు ముందు మగపిల్లలు చేరతారు, తేడా పెరుగుతుంది. ఆడపిల్లలు అందుకోవడం మొదలయ్యాకే తగ్గుతుంది. అంటే తేడా పెరిగిన దశ కూడా ఒక రకంగా ముందడుగే, కాకపోతే ఒక కాలితో. రెండోది, తేడాతోపాటు నిష్పత్తి చూడకపోవడం. ఆడవాళ్లకు 0.5, మగవాళ్లకు 1.5 ఉన్నా తేడా 1 ఏడాదే. 5, 6 ఉన్నా 1 ఏడాదే. మొదటి చోట ఆడవాళ్లకు దక్కింది మూడో వంతు, రెండో చోట 83 శాతం. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఎస్‌ఎస్‌పీ2లోనే, బడిలో చేరే శాతం ఇవాళ్టి దగ్గరే ఆగిపోతుందని అనుకునే ఉప-సినారియో ఒకటి వియన్నా లెక్కల్లో కొన్ని వెర్షన్లలో ఉంది. అందులో కూడా పెద్దల సగటు మారుతూనే పోతుంది. బడి చూడని ముసలి ఆడవాళ్లు పోయి, వాళ్ల చోటికి బడికెళ్లిన మనవరాళ్ల ఈడువాళ్లు రావడమే కారణం. కాబట్టి ‘తేడా తగ్గుతోంది, విధానం ఫలించింది’ అని ఎవరైనా గ్రాఫు చూపిస్తే, అందులో తగ్గినదాంట్లోంచి ఈ ఉప-సినారియోలో తగ్గినదాన్ని తీసివేయండి. మిగిలినదే విధానం ఫలితం. దాతలకిచ్చే నివేదికల్లో ఈ తీసివేత తరచుగా ఉండదు, ఎందుకో ఊహించడం కష్టం కాదు.

సగటు ఏళ్లు ఎలా పుడతాయో కూడా ఒకసారి చేత్తో వేసి చూడాలి. కింది అంకెలు ఉదాహరణ కోసం వేసుకున్నవే, ఏ సర్వేవీ కావు. 100 మంది ఆడవాళ్లలో 50 మంది బడికి వెళ్లలేదు, 25 మంది ప్రాథమికం మధ్యలో మానేశారు (3 ఏళ్లు), 10 మంది ప్రాథమికం ముగించారు (6), 8 మంది దిగువ మాధ్యమికం (10), నలుగురు ఎగువ మాధ్యమికం (12), ముగ్గురు ఆపైన (15). మొత్తం 308 ఏళ్లు, సగటు 3.08. మగవాళ్లలో అదే వరసలో 30, 32, 14, 11, 7, 6 అనుకుంటే మొత్తం 464, సగటు 4.64. తేడా 1.56 ఏళ్లు. ఇప్పుడు మనుషుల్ని ఎవర్నీ కదపకుండా ఏళ్లను మాత్రం మారుద్దాం. ప్రాథమికం 6కు బదులు 8 ఏళ్లు, మధ్యలో మానేసినవాళ్లకు 3కు బదులు 4 ఏళ్లు. ఆడవాళ్లు 3.53, మగవాళ్లు 5.24, తేడా 1.71. ఒక్కరూ అదనంగా ఒక్క అక్షరం నేర్వకుండానే తేడా 0.15 పెరిగింది.

ఇథియోపియా విషయంలో ఇది ఊరికే వేసిన లెక్క కాదు. 1994 విద్యా విధానం ప్రకారం ఆ దేశంలో ప్రాథమికం అంటే 8వ తరగతి దాకా. 9, 10 తరగతులు మాధ్యమికం, 11, 12 ప్రిపరేటరీ. యునెస్కో గణాంక సంస్థ అంతర్జాతీయ పోలిక కోసం ప్రాథమికాన్ని 6 ఏళ్లుగా తీసుకుంటుంది. ఈ మధ్య దేశంలోనూ 6, 2, 4 ఏళ్ల పద్ధతికి మారుతున్నారు. విద్యాశాఖ పాత పట్టికలో ‘ప్రాథమికం పూర్తి’ అన్నదాన్ని సైట్లోని ‘ప్రాథమికం పూర్తి’ పక్కన పెడితే రెండు వేరు వస్తువుల్ని పోల్చినట్టే. రెండు సైట్ల అంకెలు కలవనప్పుడు ముందు వెతకాల్సింది ఇక్కడే.

పై ఉదాహరణలోనే ఇంకో విషయముంది. బడికెళ్లిన వాళ్లను మాత్రమే తీసుకుంటే ఆడవాళ్ల సగటు 6.16, మగవాళ్లది 6.63. తేడా అరేడాది కూడా లేదు. 1.56లో ఎక్కువ భాగం బడి గడప దగ్గరే పుట్టింది. 2016 ఇథియోపియా జనాభా-ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 48 శాతం, మగవాళ్లలో 28 శాతం అసలు చదువుకోనివాళ్లు. పెద్దల తేడాకు ముఖ్యమైన మూలం ఈ రెండింటి మధ్య ఉన్న 20 శాతం పాయింట్ల అంతరమే. ఇప్పటి పిల్లల సంగతి వేరు. కింది తరగతుల్లో చేరడంలో అంతరం బాగా తగ్గింది. మాధ్యమిక బడి వొరెడా (జిల్లా లాంటి పాలనా విభాగం) కేంద్రంలోనో పట్టణంలోనో ఉండటం, పెళ్లి, ఇంటిపని వల్ల తేడా ఇప్పుడు పై తరగతుల్లో తెరుచుకుంటుంది. అందుకే 2040 తర్వాతి అంచనాలకు సగటు ఏళ్లు చాలవు. ఎగువ మాధ్యమికం, ఆపై చదువు ఉన్నవాళ్ల శాతాన్ని ఆడ-మగ వేరుగా దించుకోండి. ఆరు స్థాయుల విభజన ఈ పనికి సరిపోతుంది. నాలుగు స్థాయుల విభజనలో మాధ్యమికం మొత్తం ఒకే ముద్దగా వస్తుంది, అది వద్దు.

ఆధారాల విషయానికొస్తే, ఇథియోపియాలో చివరి జనగణన 2007 నాటిది. ఆ తర్వాతిది పదేపదే వాయిదా పడింది. అంటే ఏ మోడలైనా ఆ తర్వాతి కాలానికి సర్వేల మీద ఆధారపడక తప్పదు. దేశాల వారీగా పెద్దల చదువును అంచనా వేసే బారో-లీ పట్టికలో 146 దేశాలున్నా ఇథియోపియా లేదు, నైజీరియా కూడా లేదు. ఆఫ్రికాలో జనాభా పరంగా మొదటి రెండు దేశాలూ లేని పట్టికను ఆధారం చేసుకుని ‘ఆఫ్రికా సగటు’ అని రాసిన వ్యాసాలు కనిపిస్తే జాగ్రత్త. ఇంకో గుంట క్యాలెండర్. ఇథియోపియా సంవత్సరం మనం వాడేదానికి 7, 8 ఏళ్లు వెనక. 2007 జనగణన వాళ్ల లెక్కలో 1999లో జరిగింది. విద్యాశాఖ పట్టికలో ‘2007’ అని ఉంటే అది 2014–15 విద్యా సంవత్సరం. ఈ రెండు 2007లను ఒకే వరసలో పెడితే గీత మధ్యలో లేని గంతు ఒకటి పుడుతుంది.

యుద్ధం ఈ గీతల్లో కనిపించదు. దేశం ఉత్తరాన ఉన్న టిగ్రాయ్ ప్రాంతంలో 2020 నవంబరులో మొదలైన పోరు 2022 నవంబరు 2న ప్రిటోరియా ఒప్పందంతో ఆగింది. ఆ కాలంలో అక్కడి పిల్లలకు బడే లేదు. ఐదేళ్ల అంగలు వేసే మోడల్లో, దేశం మొత్తానికి ఒకే గీత గీసే చోట, ఆ గొయ్యి చదునైపోతుంది. పెద్దల అక్షరాస్యత కార్యక్రమాలదీ అదే గతి. 1979లో దెర్గ్ అనే అప్పటి సైనిక ప్రభుత్వం మొదలుపెట్టిన అక్షరాస్యతా ఉద్యమం కానీ, తర్వాత వచ్చిన రెండేళ్ల వయోజన విద్య కార్యక్రమం కానీ ‘బడి ఏళ్లు’ కింద రావు. నలభై ఏళ్ల వయసులో చదవడం, రాయడం నేర్చుకున్న ఆడమనిషి ఈ లెక్కలో ఎప్పటికీ సున్నా ఏళ్ల గడిలోనే ఉంటుంది. వయోజన విద్య పథకానికి ఫలితం చూపించాలనుకునేవాళ్లకు ఈ సైటు పనికిరాదు. వాళ్లు అక్షరాస్యత రేటు చూడాలి. 2016 సర్వేలో అది ఆడవాళ్లకు 42 శాతం, మగవాళ్లకు 69 శాతం.

ఏళ్లు వేరు, నేర్చుకున్నది వేరు అన్నది ఏ సైటూ సరిగ్గా చూపలేదు. 2022లో జరిగిన 12వ తరగతి జాతీయ పరీక్షలో సగం మార్కులు దాటినవాళ్లు 3.3 శాతమే. సగటు ఏళ్ల లెక్కలో మాత్రం పాసైనా కాకపోయినా 12 తరగతులు పూర్తిచేసినవాళ్లందరూ 12 ఏళ్ల గడిలోకే వస్తారు.

ఇక ప్రిటోరియా సైటు. ఇథియోపియా పేజీ తెరిస్తే వ్యాసం రూపంలో అన్నీ చదవొచ్చు. గణాంకాలతో పరిచయం లేనివాళ్లకు ఇది సులువు. ఇప్పుడున్న బాటలోనే పోతే ఏమవుతుందో ‘కరెంట్ పాత్’ పేరుతో చూపిస్తారు. దాని పక్కన విద్య, వ్యవసాయం, పాలన లాంటి రంగాల్లో గట్టిగా పనిచేస్తే వచ్చే మార్పును వేరే గీతలుగా పెడతారు. గడువు 2043. ఆఫ్రికన్ యూనియన్ అజెండా 2063లో మూడో పదేళ్ల ప్రణాళిక ముగిసే ఏడాది అది. వియన్నా పట్టికలో ఐదేళ్లకోసారే అంకె ఉంటుంది కాబట్టి 2043 నేరుగా దొరకదు. 2040 అంకెను 0.4తో, 2045 అంకెను 0.6తో గుణించి కలిపితే పోల్చడానికి సరిపోయే విలువ వస్తుంది. పోల్చేముందు రెండు చోట్లా వయసు గుంపు ఒకటేనా, 15 పైబడినవాళ్లా 25 పైబడినవాళ్లా చూసుకోండి. అంకెలు కలవకపోవడానికి ఇదీ ఒక కారణం కావొచ్చు, ప్రతిసారీ మోడల్ లోపం కాదు.

ప్రిటోరియా పేజీతో ఆగకుండా ఇంటర్నేషనల్ ఫ్యూచర్స్‌నే తెరిస్తే అసలు సరుకు అక్కడుంది. ఉచితమే. వెబ్‌లోనూ పనిచేస్తుంది, విండోస్ కంప్యూటర్లో దించుకుని కూడా వాడొచ్చు. ఏడాదికేడాది అంకెలిస్తుంది. వియన్నా లెక్కలో చదువు బయటి నుంచి ఇచ్చే ఊహ. ఇక్కడ మాత్రం అది బడ్జెట్, ఆదాయం, జననాల రేటుతో ముడిపడి ఉంటుంది. ప్రవేశం, నిలకడ, పై మెట్టుకు వెళ్లే శాతం ఆడ-మగ వేరుగా నడుస్తాయి. ఆడపిల్లల మాధ్యమిక ప్రవేశాన్ని పెంచితే ఖజానా ఎంత ఒత్తిడి తట్టుకోవాలో, ఏ రంగంలో కోత పడుతుందో అడగొచ్చు. ఇక్కడ కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటుంది: ప్రవేశాన్ని ఒక్కదాన్నే పైకి లాగి ఊరుకోవడం. నిలకడ అలాగే ఉంటే చేరినవాళ్లు మధ్యలో రాలిపోతారు, ‘ప్రాథమికం అసంపూర్తి’ గడి ఉబ్బుతుంది, పెద్దల తేడా పెద్దగా కదలదు. ముందు ప్రాథమికంలో నిలకడ, తర్వాత మాధ్యమికానికి మారే శాతం, చివర ఎగువ మాధ్యమికం. ఈ వరసలో ఒక్కో మీటను కదిపి, ప్రతిసారీ ఫలితాన్ని వేరే పేరుతో దాచుకోండి. అన్నీ ఒకేసారి కదిపితే దేనివల్ల ఏమొచ్చిందో మళ్లీ విడదీయలేరు. తెర ముందు కూర్చోగానే అర్థమయ్యే సాఫ్ట్‌వేర్ కాదిది. మెనూలు పాత కాలంవి, వేరియబుల్ పేర్లు గూఢలిపిలా ఉంటాయి. రెండు మూడు రోజులు కేటాయించుకోవాలి.

వియన్నా వారి అంకెల్ని పదేపదే వాడేవాళ్లకు ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో డబ్ల్యూసీడీఈ అనే ప్యాకేజీ ఉంది. పది దేశాలు, మూడు సినారియోలు, అన్ని వయసులూ కావాలంటే సైట్లో క్లిక్కులు కొట్టడం కన్నా ఇదే నయం. ఒక్క జాగ్రత్త, ఏ వెర్షనో ప్రతిసారీ స్పష్టంగా రాయండి. రెండో వెర్షన్ 2015 నుంచి, మూడోది 2020 నుంచి ముందుకు లెక్కిస్తాయి. పాత నివేదికలోని 2050 అంకె, ఇవాళ దించుకున్న 2050 అంకె కలవకపోతే దేశం వెనక్కి పోయిందని అర్థం కాదు, మొదలుపెట్టిన చోటు మారింది.

రెండింటికీ ఉన్న పెద్ద లోటు, దేశం లోపలికి వెళ్లలేకపోవడం. అడిస్ అబాబా ఆడపిల్లకూ అఫార్, సోమాలీ ప్రాంతాల ఆడపిల్లకూ మధ్య దూరం, జాతీయ స్థాయి ఆడ-మగ తేడా కన్నా చాలా ఎక్కువ. అది కావాలంటే జనాభా-ఆరోగ్య సర్వేకే వెళ్లాలి. ఇంటింటి జాబితాలో 6 ఏళ్లు దాటిన అందరి చదువూ నమోదవుతుంది, కాబట్టి 49 ఏళ్లు దాటిన ఆడవాళ్లను కూడా అందులోంచి తీయొచ్చు. ముందస్తు అంచనా కావాలంటే ఆ గుంపులను చేతితో ఐదేసి ఏళ్లు ముందుకు జరుపుకోవాలి. సరిహద్దులు చూసుకోండి. 2016 సర్వేలో ఒకటిగా ఉన్న దక్షిణ ప్రాంతం నుంచి 2020లో సిదామా, 2021లో నైరుతి ప్రాంతం విడిపోయాయి. మిగిలినది కూడా 2023లో రెండైంది. కొత్త పేర్లకు పాత అంకెలు తగిలించే ముందు జోన్ (ప్రాంతం కింద ఉండే పాలనా విభాగం) స్థాయిలో మళ్లీ కూడుకోవాలి. ఆ పనిలో ఒక్కో ప్రాంతానికి దొరికే శాంపిల్ చిన్నదైపోయి, ఆడ-మగ తేడా మీద పొరపాటు పరిధి తేడా కన్నా పెద్దదయ్యే చోట్లు కొన్ని వస్తాయి. ఆ గళ్లను ఖాళీగా వదిలేయాలి.